చిన్న టర్బోకు పెద్ద గేటు: నెల్లూరు ఎస్టీమ్ ప్రాజెక్టు డైరీ

బండి మారుతి ఎస్టీమ్. దాని పెట్రోల్ ఇంజినుకు టర్బో (ఎగ్జాస్ట్ గ్యాస్‌తో టర్బైన్ తిరిగి, దానితో పాటు తిరిగే కంప్రెసర్ ఇంజినులోకి గాలి నెట్టే పరికరం) తగిలించి, మిగులు గ్యాస్‌ను తప్పించే గేటు ఎంత పెద్దది కావాలో తేల్చుకున్న కథ ఇది. ఇంజిను జీ13బీబీ, 1298 సీసీ, 16 వాల్వులు, బోరు 74, స్ట్రోకు 75.5 మి.మీ. పిస్టన్లు, రాడ్లు, హెడ్ గ్యాస్కెట్ అన్నీ కంపెనీవే, విప్పే ఉద్దేశం లేదు. అందుకే బూస్ట్ (ఇంజినులోకి అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) లక్ష్యం 0.45 బార్, అంటే ఆరున్నర పీఎస్ఐ. టర్బో 1.3 లీటర్ల డీజిల్ కారు నుంచి తీసిన కేపీ35. 75 హార్స్‌పవర్ స్విఫ్ట్, ఇండికా విస్టా లాంటి బళ్లలో వచ్చేది, కదిలే వేన్లు (రెక్కలు) లేని రకం. నెల్లూరు ఆటోనగర్‌లోనూ ఒంగోలు స్క్రాప్ షాపుల్లోనూ తేలిగ్గా దొరుకుతుంది కాబట్టే దీన్ని ఎంచుకున్నాం. 90 హార్స్‌పవర్ వెర్షన్‌ది వేరియబుల్ జామెట్రీ టర్బో. దానికి వేస్ట్‌గేటే (మిగులు గ్యాస్‌ను టర్బైన్ పక్కనుంచి వదిలే తలుపు) ఉండదు కాబట్టి ఈ చర్చకు పనికిరాదు. కొనేటప్పుడు యాక్చుయేటర్ (గాలి ఒత్తిడితో రాడ్‌ను కదిలించే డబ్బా) రాడ్ ఏ చేతికి తగులుకుందో చూడండి. రాడ్ ఫ్లాప్ (గేటు రంధ్రాన్ని మూసే బిళ్ల) చేతికి పోతే మనకు కావలసింది, వేన్ల రింగుకు పోతే వదిలేయండి.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చిన బండిని రోడ్డు మీద తిప్పకూడదు. ఇది ట్రైలర్ ఎక్కి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు పోయే బండి. హైవే మీద బూస్ట్ టెస్టు చేద్దామనే ఆలోచన పెట్టుకోవద్దు.

లెక్క: ఎంత గ్యాస్ పక్కదారి పట్టాలి

ఇంటర్నల్ వేస్ట్‌గేటా (టర్బో హౌసింగ్‌లోనే ఉండేది), ఎక్స్‌టర్నలా (టర్బోకు ముందు ఎగ్జాస్ట్ మీద వేరుగా బిగించేది) అని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే మాట: తక్కువ పవర్‌కు ఇంటర్నల్, ఎక్కువ పవర్‌కు ఎక్స్‌టర్నల్. ఈ బండికి ఆ మాట సరిపోదు. గేటు సైజును నిర్ణయించేది పవర్ కాదు, టర్బైన్‌ను తప్పించి పంపాల్సిన గ్యాస్. పెద్ద టర్బోతో ఎక్కువ బూస్ట్ నడిపేవాడికి దాదాపు గ్యాసంతా టర్బైన్‌కే కావాలి, కాబట్టి చిన్న గేటు చాలు. చిన్న టర్బోతో తక్కువ బూస్ట్ నడిపేవాడికే పెద్ద గేటు కావాలి.

మన టర్బో డీజిల్ బండిలో ఏం చేసేదో, ఇక్కడ ఏం చేయాలో పక్కపక్కన పెట్టి చూద్దాం. 1.25 లీటర్ల డీజిల్ ఇంజిను 4000 ఆర్పీఎంలో 1.2 బార్ బూస్ట్ దగ్గర సెకనుకు సుమారు 0.08 కిలోల గాలి తీసుకుంటుంది. ఆ గాలిని అంత ఒత్తిడికి నెట్టడానికి కంప్రెసర్‌కు 9 కిలోవాట్ల దాకా శక్తి కావాలి. ఎస్టీమ్ ఇంజిను 6000 ఆర్పీఎంలో 0.45 బార్ దగ్గర తీసుకునేది 0.09 కిలోలు. బరువు కొంచెం ఎక్కువే అయినా ఒత్తిడి తక్కువ కాబట్టి కంప్రెసర్‌కు 5 కిలోవాట్లు కూడా అక్కర్లేదు. మరోపక్క పెట్రోల్ ఎగ్జాస్ట్ డీజిల్ కంటే 150, 200 డిగ్రీలు ఎక్కువ వేడి, అంటే అదే బరువు గ్యాస్‌లో ఇంకా ఎక్కువ శక్తి. టర్బైన్‌కు అందే శక్తి పెరిగింది, అడిగే శక్తి సగానికి పడిపోయింది. ఆ తేడా అంతా వేస్ట్‌గేటు గుండానే పోవాలి. పై ఆర్పీఎంలో దాదాపు సగం గ్యాస్.

ఆ సగాన్ని, అంటే సెకనుకు 0.05 కిలోలను, 870 డిగ్రీల వేడిలో, గేటుకు ముందు 1.5 బార్, వెనక 1.1 బార్ ఒత్తిడి (వాతావరణ పీడనంతో కలిపి) పెట్టుకుని లెక్కిస్తే 500 చదరపు మి.మీ. దారి కావాలని వస్తుంది. గుండ్రటి రంధ్రం అయితే 25 మి.మీ. చేతిలో ఉన్న హౌసింగ్‌లో గేటు రంధ్రానికి వెర్నియర్ పెడితే 16 మి.మీ., అంటే 201 చదరపు మి.మీ. మీ హౌసింగ్‌లో వేరుగా ఉండొచ్చు, కొలుచుకోండి. డీజిల్‌కు ఆ రంధ్రం సరిపోయింది. ఇక్కడ సరిపోదని కాగితం మీదే తెలిసిపోయింది, ఎంత తేడాతో సరిపోదన్నదే తేలాలి.

మానిఫోల్డు: స్టబ్ ముందే పెట్టేయడం

ఈ దశలో తీసుకున్న నిర్ణయం ఒక్కటే మిగతా డబ్బంతా కాపాడింది. మానిఫోల్డు (సిలిండర్ల ఎగ్జాస్ట్‌ను టర్బోకు చేర్చే పైపుల అమరిక) కట్టేటప్పుడే ఎక్స్‌టర్నల్ గేటుకు స్టబ్ (పొట్టి పైపు ముక్క) వెల్డ్ చేసి, 38 మి.మీ. రెండు బోల్టుల ఫ్లాంజ్ పెట్టి, 8 మి.మీ. ప్లేటుతో మూసేశాం. పైపు ముక్క, ఫ్లాంజ్, మూత ప్లేటు కలిపి ఆరేడు వందల రూపాయలు. తర్వాత అవసరమై మానిఫోల్డు కోయాలంటే అయ్యేది వేరు: ఊడదీయడం, కోయడం, కాలిన లోహం మీద మళ్లీ ఆర్గాన్ వెల్డింగ్, ఫ్లాంజ్ వంకర, మళ్లీ ఫేసింగ్. ఇంటర్నల్‌తోనే సరిపెట్టుకుంటామని ఎంత నమ్మకం ఉన్నా స్టబ్ పెట్టుకోండి.

పైపు సి క్లాస్ నల్ల ఇనుము. రన్నర్లకు (ఒక్కో సిలిండర్ నుంచి వచ్చే పైపులకు) 32 ఎన్‌బీ (పైపు పేరు సైజు): బయట 42.4, గోడ 4 మి.మీ., లోపల 34.4. గేటు స్టబ్‌కు 40 ఎన్‌బీ: లోపల 40 మి.మీ. పైనే. రైస్ మిల్లుల ఆవిరి లైన్లకు సామాను అమ్మే షాపుల్లో వెల్డింగ్ బెండులు దొరుకుతాయి. ఈ జిల్లాలో మిల్లులకు కొదవ లేదు కాబట్టి బెండులకూ లేదు. జీఐ పైపు మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. జింకు పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది, వెల్డు కూడా గుల్లబారుతుంది.

స్టెయిన్‌లెస్ 304 ఎందుకు కాదంటే వ్యాకోచం. మీటరుకు, డిగ్రీకి మైల్డ్ స్టీలు 12 మైక్రాన్లు సాగితే 304 సాగేది 17. 300 మి.మీ. పొడవు మానిఫోల్డు 700 డిగ్రీలు వేడెక్కితే ఇనుము రెండున్నర మి.మీ., స్టెయిన్‌లెస్ మూడున్నర మి.మీ. పైన పెరుగుతుంది. పలచటి స్టెయిన్‌లెస్ లాగ్ మానిఫోల్డు కాళ్ల దగ్గర పగలడానికి కారణం ఇదే. మందపాటి ఇనుము తుప్పు పడుతుంది, బరువెక్కువ, కానీ నిలుస్తుంది. బడ్జెట్ బండికి అందం తర్వాత.

స్టబ్ ఎక్కడ, ఏ కోణంలో అన్నది సైజుకంటే ముఖ్యం. నాలుగు రన్నర్లూ కలిసిన తర్వాత, టర్బో ఫ్లాంజ్‌కు ముందు, గ్యాస్ పోయే దిశలోనే 45 డిగ్రీల లోపు వంపుతో పక్కకు తీయాలి. ఒక్క రన్నర్ మీద పెడితే మిగతా మూడు సిలిండర్ల గ్యాస్ వెనక్కి తిరిగి రావాలి. 90 డిగ్రీల్లో పెడితే గ్యాస్ నేరుగా టర్బైన్‌లోకే దూసుకుపోతుంది, 38 మి.మీ. గేటు ఉండి కూడా బూస్ట్ పాకుతుంది, అంటే గేటు తెరిచినా ఆర్పీఎంతో పాటు ఎక్కుతూ పోతుంది. ఇంజిను బేలో చోటు లేదని 90 డిగ్రీలకు ఒప్పుకోవద్దు. చోటు కోసం టర్బోను 20 మి.మీ. కిందికి దించడమే నయం.

హెడ్ ఫ్లాంజ్ 12 మి.మీ. ప్లేటు. వెల్డ్ చేసేటప్పుడు పనికిరాని పాత హెడ్‌కు బిగించి ఉంచాలి. ఒక చోట 25 మి.మీ. కుట్టు వేసి అవతలి చివరకు పోవాలి, పూర్తిగా చల్లారాకే విప్పాలి. తర్వాత ఫేసింగ్ తప్పదు. వంకర చూడటానికి చీమకుర్తి గ్రానైట్ పాలిష్ ముక్క, కనీసం 40 మి.మీ. మందంది, బాగా పనికొస్తుంది. ముందు దాని మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి వెలుతురు కనిపించకుండా ఉన్న చోటు చూసుకోండి. ఆ చోట ఫ్లాంజ్ పెట్టి 0.1 మి.మీ. ఫీలర్ గేజి దూరితే లేత్ షాపుకు పంపాలి. స్టడ్లకు స్ప్రింగ్ వాషర్లు వేయొద్దు, ఆ వేడికి వాటి బిగి పోతుంది. నొక్కి మూతి తగ్గించిన లాక్ నట్లు, నికెల్ యాంటీ సీజ్ పేస్టు వాడండి.

ఇంటర్నల్ గేటు పని

మొదట కోర్‌ను (చక్రాలు, షాఫ్టు ఉన్న మధ్య భాగాన్ని) టర్బైన్ హౌసింగ్ నుంచి విడదీయాలి. చక్రం లోపల ఉండగా గ్రైండింగ్ మొదలుపెడితే ఒక్క రజను బ్లేడుకు తగిలినా బ్యాలెన్స్ పోతుంది. ఫ్లాప్ తీశాక మూడు చూడాలి: రంధ్రం అంచు, ఫ్లాప్ కూర్చునే ముఖం, చేతి బుష్. బుష్ అరిగి చెయ్యి ఊగుతుంటే ఫ్లాప్ ఒక పక్కకు వాలి మూసుకుంటుంది. అప్పుడు బూస్ట్ నిదానంగా ఎక్కుతుంది, టర్బో పెద్దదైపోయిందని పొరబడతారు. చీమకుర్తి క్వారీ టిప్పర్ల టర్బోలు బాగుచేసే చోట ఈ బుష్ మార్పిడి రోజువారీ పని, కారు టర్బో అని భయపడరు.

రంధ్రాన్ని ఎంతవరకు పెంచొచ్చో చెప్పేది ఫ్లాప్ బిళ్ల. చుట్టూ కనీసం 1.5 మి.మీ. సీటు మిగలాలి. ఇక్కడ బిళ్ల 23 మి.మీ., కాబట్టి 20 గరిష్ఠం. 19.5 దగ్గర ఆపేశాం: 299 చదరపు మి.మీ., మునుపటి దానికి ఒకటిన్నర రెట్లు. కార్బైడ్ బర్, డై గ్రైండర్, నెమ్మది వేగం. టర్బైన్ వైపు గోడ పలచబడుతుంది, వేలితో తడుముతూ పోవాలి. అసలు లాభం లోపలి అంచు గుండ్రంగా తిప్పడంలో ఉంది. పదునైన మూల దగ్గర గ్యాస్ చీలిపోయి రంధ్రం పూర్తి వెడల్పు వాడుకోదు. 2 మి.మీ. వంపు ఇస్తే చాలు. చివర్లో సీటు ముఖానికి వాల్వ్ గ్రైండింగ్ పేస్టు పూసి ఫ్లాప్‌ను చేత్తో తిప్పి, కిరసనాయిలు పోసి చూడాలి. చెమ్మ ఊరినా ఫరవాలేదు, ధార కారకూడదు.

తర్వాతిది యాక్చుయేటర్. ఇక్కడే ఇంజిన్లు పోతాయి. డీజిల్ టర్బోతో వచ్చిన డబ్బా స్ప్రింగ్ ఒక బార్ పైన గానీ కదలదు. దాన్ని అలాగే ఉంచి పెట్రోల్ ఇంజినుకు తగిలిస్తే కనీస బూస్టే ఒక బార్ దాటుతుంది. బూస్ట్ కంట్రోలర్ పెట్టి తగ్గించుకుందాం అనుకోవద్దు. కంట్రోలర్ ఏదైనా స్ప్రింగ్ ఒత్తిడి నుంచి పైకి తీసుకుపోతుందే తప్ప కిందికి దించలేదు. 0.3 బార్ దగ్గర కదలడం మొదలుపెట్టే సర్దుబాటు డబ్బా వేసి, బ్రాకెట్ కొత్తగా కొట్టించాలి. రాడ్ లాగే దిశ, చేతి పిన్ తిరిగే దిశ ఒకే తలంలో ఉండాలి. రాడ్ ఏటవాలుగా లాగితే బుష్ నెలల్లో అరుగుతుంది.

డబ్బాను బెంచి మీద పరీక్షించడానికి పంక్చర్ షాపు కంప్రెసర్ వాడొద్దు. ఎనిమిది బార్ల గాలిలో డయాఫ్రం చిరిగిపోవడం చిటికెలో పని. బీపీ మిషన్ బల్బూ గేజీ ఇందుకు భేషుగ్గా పనిచేస్తాయి. 300 మి.మీ. పాదరసం అంటే సరిగ్గా 0.4 బార్. 225 దగ్గర రాడ్ కదలడం మొదలైతే 0.3 బార్. ఒత్తిడి పెట్టి బల్బు వాల్వు మూసి నిమిషం ఉంచండి, ముల్లు దిగితే డయాఫ్రం లీకు.

రాడ్ మర సాధారణంగా ఎం6, పిచ్ 1 మి.మీ. ఒక చుట్టు ఒక మి.మీ. అన్నమాట. ఫ్లాప్ పూర్తిగా మూసి, రాడ్ కన్ను పిన్‌కు 2 మి.మీ. పొట్టిగా ఉండేలా తిప్పి, లాగి తగిలించాలి. అదే ప్రీలోడ్. దీన్ని 5, 6 మి.మీ. దాకా బిగించి బూస్ట్ పెంచుకునే అలవాటు ఒకటుంది. బిగించిన ప్రతి మి.మీ. రాడ్ ప్రయాణంలోంచి తగ్గుతుంది, చివరికి స్ప్రింగ్ చుట్టలు ఒకదానికొకటి ఆనుకుని ఫ్లాప్ సగమే తెరుచుకుంటుంది. కింద ఆర్పీఎంలో బాగుంది, పైన పాకుతోంది అనే ఫిర్యాదు వస్తే ముందు ఇది చూడాలి.

సిగ్నల్ గొట్టం కంప్రెసర్ హౌసింగ్ నిపిల్ నుంచి నేరుగా యాక్చుయేటర్‌కు, 4 మి.మీ. సిలికాన్, రెండు చివరలా క్లిప్పులు. మధ్యలో టీ పెట్టి బూస్ట్ గేజికో బ్లోఆఫ్ వాల్వుకో పంచొద్దు. ఈ గొట్టం ఊడిందంటే గేటు తెరిచేవాడు లేడు.

డౌన్‌పైపు

డౌన్‌పైపు అంటే టర్బో నుంచి కిందికి పోయే ఎగ్జాస్ట్ పైపు. టర్బో మూతి దగ్గర కంపెనీ పోత బెండు తీసేసి గంట ఆకారపు మూతి, ఆ తర్వాత 50 మి.మీ. పైపు. బిగించే ముందు గ్యాస్కెట్, ఫ్లాంజ్ పెట్టి ఫ్లాప్‌ను చేత్తో పూర్తిగా తెరిచి చూడాలి, ఎక్కడా తగలకూడదు. గ్యాస్కెట్ అంచుకు తగిలి సగంలో ఆగే ఫ్లాపులు చాలానే కనిపిస్తాయి. గేటు దారిని వేరు చేసే అడ్డుపలక పెట్టాలంటే అది హౌసింగ్ ముఖానికి ఒకటి రెండు మి.మీ. దగ్గరగా ఆనాలి, లేకపోతే దండగ. గంట మూతే తేలిక.

ఒకటి గుర్తుంచుకోండి. టర్బో వెనక దారి ఎంత తేలికపడితే పాకుడు అంత పెరుగుతుంది. వెనక ఒత్తిడి తగ్గేకొద్దీ టర్బైన్ అంత గట్టిగా తిరుగుతుంది. పాత సైలెన్సర్‌తో బూస్ట్ నిలబడిందని నమ్మి, తర్వాత ఫ్రీఫ్లో వేసి ఇంజిను పోగొట్టుకునే దారి ఇది. గేటు పరీక్ష చివరికి ఉండబోయే ఎగ్జాస్ట్‌తోనే చేయాలి.

ట్రాక్ రీడింగులు

ఈసీయూలో (ఇంజిను కంప్యూటర్‌లో) 0.75 బార్ దగ్గర ఇంధనం కట్ అయ్యేలా పెట్టాం. కంపెనీ మ్యాప్ సెన్సర్ (ఇంజినులోకి పోయే గాలి ఒత్తిడి కొలిచేది) వాతావరణ పీడనం దాటితే పనికిరాదు కాబట్టి 2.5 బార్‌ది పెట్టాం. పెట్రోల్ ఎక్స్‌పీ95 (95 ఆక్టేన్). ఇథనాల్ 20 శాతం ఉన్న పెట్రోల్‌కు సరైన గాలి నిష్పత్తి 14.7 కాదు, 13.5 దగ్గర. అందుకే గేజిని లాంబ్డాలో (ఏ పెట్రోల్‌కైనా సరైన నిష్పత్తి 1 అయ్యే కొలతలో) చదవాలి. బూస్ట్‌లో 0.82. ఈ గాలికి ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 205 సీసీ ఇవ్వాలి, 80 శాతం తెరుచుకునేలా. పెట్టినవి 240 సీసీవి.

రంధ్రం 16 మి.మీ. ఉన్నప్పుడు: 3000 ఆర్పీఎంలో 0.42, 4500లో 0.58, 5400 దగ్గర 0.75 తాకి కట్. రంధ్రం 19.5 చేశాక: 3000లో 0.41, 4500లో 0.46, 5500లో 0.56, 6000లో 0.63. గీతలో తడబాటు లేదు, ఆర్పీఎంతో పాటు తిన్నగా ఎక్కుతోంది. అదే పాకుడు గుర్తు. గేటు తెరుచుకోవడం ఆలస్యమైతే గీత ఒక్కసారి ముక్కులా లేచి పడిపోతుంది, దానికి మందు డబ్బాలోనో గొట్టంలోనో ఉంటుంది. గేటు పూర్తిగా తెరిచి ఉన్నా ఎక్కుతుంటే రంధ్రం చాలనట్టే. తేల్చుకోవడానికి రాడ్ విప్పి ఫ్లాప్‌ను తీగతో పూర్తిగా తెరిచి కట్టేసి పూర్తి థ్రాటిల్‌లో ఒక పరుగు తీస్తే చాలు. ఇక్కడ అలా కట్టినా 6000లో 0.6 వచ్చింది. ఇక యాక్చుయేటర్‌ను ఎంత తిప్పినా దండగే.

0.63 వస్తే ఏమైంది అనేవాళ్లుంటారు. బయట 38 డిగ్రీలున్నప్పుడు 0.45 బార్ దగ్గర కంప్రెసర్ నుంచి వచ్చే గాలి 90 డిగ్రీలు. అది 0.75కు పోతే 125. ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లార్చేది) ఆ తేడా మొత్తాన్ని మింగలేదు, నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం తనంతట తానే పేలడం) మొదలయ్యేది అక్కడే. పైగా ఇంజెక్టర్లలో దాచుకున్న మిగులంతా అయిపోతుంది.

పరీక్ష ఏ కాలంలో చేశారన్నది కూడా ముఖ్యం. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో గేటు బాగుందని తేల్చేస్తే అది సగం పరీక్షే. 44 డిగ్రీల గాలి కంటే ధనుర్మాసం తెల్లవారుజామున 22 డిగ్రీల గాలి 7 శాతం బరువెక్కువ. అంత గ్యాసూ అదనంగా గేటు గుండా పోవాలి. నాకింగ్‌కు ఎండాకాలం చెడ్డది, పాకుడుకు చలికాలం చెడ్డది. పై రీడింగులు తెల్లవారుజామువే. ఆ పరిస్థితిలో కింది నుంచి పై ఆర్పీఎం దాకా తేడా 0.1 బార్ లోపు ఉంటే ఇంటర్నల్‌తోనే సరిపెట్టాలన్నది ముందే పెట్టుకున్న గీత. తేడా 0.22 వచ్చింది. మూత ప్లేటు తీయాల్సిందే.

ఎక్స్‌టర్నల్ గేటు

బ్రాండెడ్ 38 మి.మీ. గేటు, టయల్ గానీ టర్బోస్మార్ట్ గానీ, సుంకంతో కలిపి ఈ ప్రాజెక్టు టర్బో ధరకు ఎన్నో రెట్లు. కాపీ గేటు నాలుగైదు వేలు. కాపీ అంటే వచ్చినట్టే బిగించేది కాదు, సగం తయారైన సరుకు అనుకోవాలి. విప్పి చూడాల్సినవి: వాల్వ్ సీటు (కిరసనాయిలు పరీక్ష, ధారగా కారితే గ్రైండింగ్ పేస్టు), కాండం గైడులో ఇరుకు, డయాఫ్రం అంచు మడతలు, పై మూత బోల్టుల బిగువు. స్ప్రింగ్ రంగు చూసి ఒత్తిడి నమ్మొద్దు. అదే బీపీ బల్బుతో తేల్చుకోవాలి. ఈ గేటులో 0.5 అని వచ్చిన స్ప్రింగ్ 0.38 దగ్గరే తెరుచుకుంది, మనకు కావలసింది అదే కాబట్టి ఉంచేశాం. వాల్వు కనీసం 9.5 మి.మీ. లేవాలి, వ్యాసంలో నాలుగో వంతు. అంతకు తక్కువ లేస్తే 38 గేటు 38గా పనిచేయదు.

బిగించే దిశ: మానిఫోల్డు గ్యాస్ వాల్వు ముఖాన్ని కింది నుంచి నొక్కాలి, పక్క దారి గుండా బయటికి పోవాలి. డబ్బాలో పక్క నిపిల్‌కు కంప్రెసర్ సిగ్నల్, పై నిపిల్ గాలికి తెరిచి. ఇది తిరగబడి పై నిపిల్‌కే గొట్టం పెడితే బూస్ట్ పెరిగేకొద్దీ గేటు ఇంకా గట్టిగా మూసుకుంటుంది. నిపిల్ దగ్గర మొదటి 100 మి.మీ. రాగి గొట్టం, ఆ తర్వాతే సిలికాన్. సిలికాన్ 200 డిగ్రీల దాకానే ఓర్చుకుంటుంది.

ఇంటర్నల్ ఫ్లాప్‌ను ఏం చేయాలి? వెల్డ్ చేసి మూసేయమని అంటారు. ఆ పోత ఇనుము మీద వెల్డింగ్ అంటే ముందు వేడిచేయడం, నికెల్ రాడ్, బూడిదలో పెట్టి చల్లార్చడం. అంత చేసినా సీటు పక్కన పగులు రావచ్చు. యాక్చుయేటర్ తీసేసి, చేతిని మూసిన స్థితిలో 6 మి.మీ. ప్లేటు బ్రాకెట్‌తో హౌసింగ్‌కు బిగించేస్తే సరి, రేపు వెనక్కి మార్చుకోవాలన్నా వీలుంటుంది. అయితే ఇక్కడ అదీ చేయలేదు. ఇంటర్నల్‌ను అలాగే ఉంచి రెండూ పనిచేయిస్తున్నాం. 0.3 దగ్గర లోపలి ఫ్లాప్ కదులుతుంది, 0.38 దగ్గర బయటిది అందుకుంటుంది. లాభం ఏమిటంటే కాపీ గేటు డయాఫ్రం ఎప్పుడైనా చిరిగినా బూస్ట్ మళ్లీ 0.63కే పరిమితం, కట్ దాకా పోదు. సిగ్నల్ గొట్టాలు రెండింటికీ వేరువేరు నిపిల్స్.

బయటికి పోయే గ్యాస్‌ను నేరుగా గాలిలోకి వదిలేస్తే చెవులు చిల్లులు పడతాయి, మంట వైరింగ్ మీదికి వస్తుంది. 38 మి.మీ. పైపుతో తిరిగి డౌన్‌పైపులో కలిపాం: టర్బైన్ మూతి నుంచి 400 మి.మీ. కింద, 30 డిగ్రీల వాలుతో. మధ్యలో బెల్లోస్ (సాగి వంగే ముడతల గొట్టం) తప్పనిసరి. ఒకే మానిఫోల్డు నుంచి టర్బో గుండా ఒక దారి, గేటు గుండా ఒక దారి వెళ్లి మళ్లీ ఒకచోట కలుస్తున్నాయి. గేటు మూసున్నప్పుడు ఒకటి ఎర్రగా కాలుతుంది, రెండోది చల్లగా ఉంటుంది. రెండూ బిగుసుకుని ఉంటే ఏదో ఒక వెల్డు పగలక మానదు.

రీడింగు: 3000లో 0.40, 4500లో 0.42, 6000లో 0.44, 6300లో 0.44. తెల్లవారుజామునే, అదే ట్రాక్, అదే ఎగ్జాస్ట్.

ఖర్చు

సుమారు అంకెలు: టర్బో పాతది 6,000, కొత్త యాక్చుయేటర్, బ్రాకెట్ 2,400, పోర్టింగ్, బుష్ 1,500, స్టబ్, ఫ్లాంజ్, మూత 700, కాపీ గేటు 4,800, డంప్ పైపు (గేటు నుంచి డౌన్‌పైపులో కలిసేది), బెల్లోస్, ఆర్గాన్ 3,200. అంటే గేట్ల పనికే టర్బో ధర రెండింతలు. ఇదే డబ్బుకు పెట్రోల్ కారు టర్బో, ఉదాహరణకు పాత స్కోడా ఆక్టేవియా 1.8 టర్బోలోని కే03, దొరికితే దారి వేరుగా ఉండేది. టర్బైన్ పెద్దది, వేడికి తట్టుకునే లోహం, గేటు పెట్రోల్ గ్యాస్‌ను ఉద్దేశించి చేసింది. దానికి ఇంటర్నల్ రంధ్రం అంచు తిప్పితే 0.45కు ఎక్స్‌టర్నల్ అవసరం రాకపోవచ్చు. కానీ ఆ బళ్లు ఈ చుట్టుపక్కల అరుదు. డీజిల్ టర్బో వేసేవాళ్లు ఎక్స్‌టర్నల్ గేటును ఖర్చులో మొదటి రోజే రాసుకోవాలి.

పెండింగ్

నెల్లూరుకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది, పైగా ఉప్పు గాలి. ఆ నెలల్లో కదలకుండా నిలబెట్టిన బండిలో ఫ్లాప్ బుష్, గేటు కాండం రెండూ తుప్పుతో పట్టేస్తాయి. స్టార్ట్ చేసే ముందు బీపీ బల్బు తగిలించి రెండు గేట్లూ కదులుతున్నాయో లేదో చూడాలి. పట్టేసి ఉంటే పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి చేత్తో ఆడించాలి, సుత్తి వాడొద్దు. కాండానికి గ్రీజు వద్దు, కాలి గట్టిపడుతుంది.

డీజిల్ టర్బైన్ లోహానికి ఎగ్జాస్ట్ వేడి హద్దు 850 డిగ్రీల దగ్గర. థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్) స్టబ్‌కు ఎదురుగా కలెక్టర్‌లో (రన్నర్లు కలిసే చోట) పెట్టాలి, ఇంకా పెట్టలేదు. అప్పటిదాకా పూర్తి లోడు మీద ఎక్కువసేపు నిలబెట్టడం లేదు. ఈ టర్బోకు నీటి జాకెట్ లేదు కాబట్టి ట్రాక్ నుంచి వచ్చాక రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపాలి. మానిఫోల్డు నట్లు మొదటి రెండు వేడి చల్లార్పుల తర్వాత, ఇంజిను పూర్తిగా చల్లబడ్డాక మళ్లీ బిగించాలి. గేటు పై మూత బోల్టులు కూడా.